సరమ అడిగిన ప్రశ్న

నన్నయ్యగారి భారతం చదివినవారికీ, పురాణ కాలక్షేపాల్లో విన్నవారికీ సరమ కథ గుర్తుండే ఉంటుంది. సరమ దేవలోకపు కుక్క. దాని పిల్ల ఆడుకుంటూ ఆడుకుంటూ జనమేజయ మహారాజు యాగం చేస్తున్న చోటికి వెళ్ళింది. రాజుగారి తమ్ముళ్ళు దాన్ని కొట్టి తరిమేశారు. పిల్ల ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయింది. అప్పుడు సరమ తిన్నగా రాజు ఎదుటికే వచ్చి నిలబడి, నా బిడ్డ ఏ తప్పు చేసిందని కొట్టారని అడిగింది. అంత మహారాజు దగ్గరా జవాబు లేదు. తగనిపని చేసినవారికి అనుకోని భయాలు వస్తాయని చెప్పి అది వెళ్ళిపోయింది.

చూశారూ, అంత పెద్ద భారతం మొదట్లోనే ఒక కుక్క తల్లి న్యాయం అడుగుతుంది. చివర్లో స్వర్గద్వారం దగ్గర ధర్మరాజు, వెంట వచ్చిన కుక్కను వదిలి లోపలికి రానని పట్టుబడతాడు. నడుమ జరిగిందంతా మనుషుల కథ.

ఇవాళ మన వీధుల్లో ఆ సరమకు ఎదురుగా ఇంకొక తల్లి నిలబడి ఉంది. ఆవిడా ఒకటే ప్రశ్న అడుగుతోంది. "నా బిడ్డ ఏం తప్పు చేశాడని మీ కుక్క కరిచింది?" ఈ ప్రశ్నకూ జవాబు లేదు. ఒక మేడమీద ఉన్నావిడ కుక్కలకు అన్నం పెడుతుంది, కింద వాటాలో ఆవిడ కుక్కల బండికి ఫోను చేస్తుంది. ఇద్దరూ మంచివాళ్ళే. ఇద్దరికీ మాటలుండవు. మీ వీధిలోనూ ఇలాంటిది ఉండే ఉంటుంది.

ఈ తగువు మనతో మొదలైంది కాదు. దాదాపు రెండు వందల ఏళ్ళుగా ఊళ్ళూ, సర్కార్లూ, డాక్టర్లూ దీనితో తంటాలు పడుతూనే ఉన్నారు. వాళ్ళు ఏమేం చేశారో, ఏది పనికొచ్చిందో, ఏది రాలేదో తెలుసుకుంటే మనం కొంచెం నిదానంగా ఆలోచించగలుగుతాం. అందుకే ఈ నాలుగు మాటలు.

మొదట జబ్బు సంగతి. కుక్కపిచ్చి, అంటే రేబిస్, కొత్త రోగం కాదు. మన సుశ్రుతుడు పిచ్చెత్తిన కుక్క ఎలా ఉంటుందో, అది కరిచిన మనిషికి ఏమవుతుందో తన గ్రంథంలో రాశాడు. నీళ్ళంటే భయం పుట్టిన రోగి ఇక దక్కడని కూడా చెప్పాడు. అది నేటికీ నిజమే. రోగ లక్షణాలు బయటపడ్డాక బతికి బట్టకట్టినవాళ్ళు ప్రపంచం మొత్తం మీద వేళ్ళమీద లెక్కపెట్టేటంత మందే.

నా చిన్నతనంలో మా వీధిలో ఏడెనిమిదేళ్ళ పిల్లవాడు ఉండేవాడు. ఆడుకుంటుంటే ఒక కుక్కపిల్ల వేలు కొరికింది. పిల్లకుక్కే కదా, పాలపళ్ళే కదా అని వాళ్ళమ్మ కాస్త పసుపు అద్ది, పైన కారం పెట్టింది. గాయం మానింది. అందరూ మరిచిపోయారు. రెండు నెలలు దాటాక ఒకరోజు పొద్దున మంచినీళ్ళు తాగబోయి గ్లాసు విసిరేశాడు. మర్నాటికి ఫాను గాలి తగిలినా గొంతు పట్టుకుపోయేది. మూడోనాటికి పోయాడు. ఆ తల్లి నిర్లక్ష్యం చేసిన మనిషి కాదు. ఆమెకు చెప్పినవాళ్ళు లేరు. కుక్క కాటుకు చెప్పు దెబ్బ అని సామెతలు చెప్పేవాళ్ళు వీధినిండా ఉన్నారు, కుక్క కాటుకు సబ్బూ నీళ్ళూ అని చెప్పేవాళ్ళు ఒక్కరూ లేకపోయారు.

ఈ భయం ఇంత పెద్దది కాబట్టే ప్రభుత్వాలు మొదటినుంచీ చంపటమే ఉపాయమనుకున్నాయి. 1832లో బొంబాయిలో జరిగిన సంగతి వినండి. వేసవిలో కొన్నాళ్ళు వీధికుక్కల్ని చంపించటం అప్పటికే ఇంగ్లీషువారి ఏర్పాటు. ఆ ఏడు గడువు పెంచి, చంపిన ఒక్కొక్క కుక్కకూ ఎనిమిది అణాలు బహుమానమన్నారు. డబ్బు ఆశ పెట్టాక ఇక అడ్డేముంది! వీధికుక్కా, ఇంటికుక్కా అనే తేడా లేకుండా ఇళ్ళ ముందు నుంచే లాక్కుపోవటం మొదలైంది. పార్శీలకు కుక్క పవిత్రమైన జంతువు. మనిషి పోయినప్పుడు కుక్కను తెచ్చి శవాన్ని చూపించటం వారి అంత్యక్రియల్లో ఒక భాగం. జూన్ 6న వాళ్ళు తిరగబడ్డారు. మరునాడు బజారంతా మూతపడింది. జైనులూ, హిందువులూ కూడా కలిశారు. కొలాబాలో ఉన్న ఇంగ్లీషు సిపాయిలకు రొట్టె, మాంసం వగైరాలు అందకుండా దారులు కట్టేశారు. చివరికి సైన్యం దిగి అల్లరి అణచింది. అరెస్టులు జరిగాయి. అయితే ఆ తరవాత కుక్కల్ని చంపే బదులు ఊరి బయటికి తరలించేందుకు ఒప్పుకున్నారు. 1834లో సర్ జంషెడ్జీ జీజీభాయ్ మొదలైన పెద్దలు బొంబాయిలో పింజ్రాపోల్ పెట్టి, దిక్కులేని జంతువులకు నీడ కల్పించారు.

ఇంగ్లండులో ఈ పనికి పూనుకున్నది ఒక స్త్రీ. మేరీ టీల్బీ అనే ఆవిడ 1860లో లండను నగరంలో దారితప్పిన కుక్కలకూ, ఆకలితో ఉన్న కుక్కలకూ ఒక ఆశ్రయం తెరిచింది. మనుషులకే గతి లేని ఊళ్ళో కుక్కలకు ఇల్లేమిటని పత్రికలు ఆమెను వేళాకోళం చేశాయి. ఆవిడ 1865లో పోయింది గాని ఆ సంస్థ పోలేదు. 1871లో బాటర్సీ అనే పేటకు మారింది. 1883 నుంచి పిల్లులను కూడా చేర్చుకున్నారు. నేటికీ నడుస్తోంది.

అదే దేశంలో సర్కారు ఇంకొక దారి పట్టింది. మనం ఎద్దు మూతికి చిక్కం కట్టినట్టు, వీధిలోకి తెచ్చే ప్రతి కుక్క మూతికీ చిక్కం కట్టాలని ఆజ్ఞ జారీ చేసింది. బయటి దేశాల నుంచి వచ్చే కుక్కల్ని నెలల తరబడి విడిగా ఉంచింది. 1902 నాటికి రేబిస్ అక్కడ పోయింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన 1918లో బయటినుంచి వచ్చిన కుక్కలతో మళ్ళీ తలెత్తింది, 1922కల్లా మళ్ళీ అణిచేశారు. అయితే ఒకటి గమనించాలి. అది చుట్టూ సముద్రం ఉన్న దీవి. పైగా అక్కడ చాలా కుక్కలకు యజమాని అంటూ ఒకడున్నాడు. మన వీధికుక్కకు చిక్కం కట్టేదెవరు, విప్పి నీళ్ళు పెట్టేదెవరు?

ఇక అసలైన మలుపు 1885లో వచ్చింది. ఫ్రాన్సు దగ్గర ఆల్సేస్ అనే ప్రాంతంలో జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లవాణ్ణి పిచ్చికుక్క ఎన్నో చోట్ల కరిచింది. వాళ్ళమ్మ చేతులు ముడుచుకు కూర్చోలేదు. ప్యారిస్‌లో లూయీ పాశ్చర్ అనే ఆయన కుక్కలమీద ఏదో మందు ప్రయోగిస్తున్నాడని విని బిడ్డను తీసుకుని రైలెక్కింది. పాశ్చర్ డాక్టరు కాదు, రసాయన శాస్త్రజ్ఞుడు. ఆ మందు అంతవరకూ మనుషుల మీద సరిగా పరీక్షించింది కాదు. ఇస్తే ఏమవుతుందో తెలియదు, ఇవ్వకపోతే ఏమవుతుందో తెలుసు. జూలై 6న గ్రాంషే అనే డాక్టరు చేత మొదటి ఇంజెక్షను వేయించాడు. పది రోజుల్లో పదమూడు. పిల్లవాడు బతికాడు. పెద్దవాడయ్యాక పాశ్చర్ పేర వెలసిన సంస్థలోనే కాపలాదారుగా పనిచేశాడు. చరిత్ర పుస్తకాలు పాశ్చర్ పేరు రాశాయి, అది సరే. కాని ఆ వేళ ఆ తల్లి కదలకపోతే ఆ కథే లేదు.

మన దేశంలో మొదటి పాశ్చర్ సంస్థ 1900లో హిమాలయాల దాపున కసౌలీలో వచ్చింది. దక్షిణాదివారికి అది ఎంత దూరం! 1902లో నీలగిరిలో లిలీ పాకెన్‌హామ్ వాల్ష్ అనే యువతి పిచ్చికుక్క కాటుకు గురై, సకాలంలో మందు అందక చనిపోయింది. ఆ మరణం అందరినీ కలచివేసింది. హెన్రీ ఫిప్స్ అనే అమెరికా ధనవంతుడు మన దేశానికి ఇచ్చిన విరాళంలో కొంత తోడై, 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థ తెరిచారు. మద్రాసు రాజధానిలో భాగమైన మన కోస్తా జిల్లాలకూ, రాయలసీమకూ కూడా అదే దగ్గరి దిక్కు. మద్రాసు వెళ్ళి, అక్కణ్ణుంచి మేట్టుపాళయం చేరి, కొండరైలెక్కితే కూనూరు. గాయంతో ఉన్న పిల్లను ఒళ్ళో పెట్టుకుని అంత దూరం పోయే తల్లి మనసు ఎలా ఉండేదో ఊహించుకోండి.

1911లో కసౌలీలోనే డేవిడ్ సెంపుల్ అనే ఆయన గొర్రె మెదడు నుంచి చౌకగా చేయగల టీకా కనిపెట్టాడు. దాంతో మందు ఊరూరి ఆసుపత్రులకూ చేరింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు అని మన పెద్దవాళ్ళు హడలిపోయేది దీని గురించే. లక్షల ప్రాణాలు కాపాడిన మాట నిజమే. కాని అందులో మెదడు పదార్థం ఉండటం వల్ల ఎక్కడో ఒకరికి కాళ్ళూ చేతులూ పడిపోయేవి. 2004తో మన దేశంలో ఆ టీకా వాడకం ఆగిపోయింది. ఇప్పుడు ఇచ్చేది వేరే టీకా. బొడ్డు దగ్గర కాదు, చేతికి ఇస్తారు. నాలుగో అయిదో సార్లు, అంతే. మన హైదరాబాదులోనే ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ దాన్ని తయారు చేస్తోంది. అయినా ఆ పద్నాలుగు ఇంజెక్షన్ల భయం మాత్రం ఇంకా మన ఇళ్ళల్లోంచి పోలేదు. ఆ భయంతో పిల్లలు కుక్క గీరిన సంగతి దాచేస్తున్నారు. మీ పిల్లలకు ఇవాళే చెప్పండి, తిట్టమనీ, కొట్టమనీ, అన్ని సూదులు లేవనీ.

మందు వచ్చింది సరే, మరి కుక్కల సంగతి? ఈ విషయంలో చరిత్ర చేసిన తప్పుల్లోకెల్లా ఘోరమైనది 1910లో ఇస్తాంబుల్‌లో జరిగింది. తురకల రాజధాని అది. అక్కడి వీధికుక్కల్ని జనం తరతరాలుగా సాకుతూ వచ్చారు. కొత్తగా అధికారంలోకి వచ్చినవారికి ఊరు ఐరోపా పట్టణంలా కనబడాలనిపించింది. వేలకు వేల కుక్కల్ని పట్టి, పడవల్లో నింపి, మర్మరా సముద్రంలో నీళ్ళూ నీడా లేని ఒక రాతి దీవిలో వదిలిపెట్టారు. ఆకలితో, దాహంతో అవి ఒకదాన్నొకటి పీక్కుతిన్నాయి. గాలి అటునుంచి వీచినప్పుడు వాటి ఏడుపు ఊళ్ళోకి వినబడేదట. తరవాత భూకంపమో, యుద్ధమో ఏది వచ్చినా ఆ పాపమే అనుకునేవారు అక్కడివాళ్ళు. ఇంత చేసినా ఇస్తాంబుల్‌లో ఇవాళ వీధికుక్కలు లేవా అంటే, ఉన్నాయి. పిల్లులైతే మరీనూ.

మన మద్రాసు సంగతికే వద్దాం. అక్కడ కార్పొరేషను 1860 నుంచీ కుక్కల్ని పట్టి చంపుతూనే వచ్చింది. మన ఊళ్ళల్లోనూ కుక్కల బండి రావటం, పెంపుడు కుక్కల్ని పిల్లలు ఇళ్ళల్లో దాచిపెట్టటం పెద్దవారికి జ్ఞాపకమే. 1964లో కెప్టెన్ సుందరం, ఆయన భార్య ఉష, పిల్లలూ కలిసి మద్రాసులో బ్లూక్రాస్ సంస్థ పెట్టారు. ఉషా సుందరం అంటే సామాన్యురాలు కాదు, ఆ రోజుల్లో విమానం నడిపిన మహిళ. ఈ కుటుంబం అడిగిన ప్రశ్న చాలా తేలికైంది. వందేళ్ళుగా చంపుతున్నారు కదా, కుక్కలు తగ్గాయా? తగ్గకపోగా, 1990 ప్రాంతాలకు వచ్చేసరికి రోజుకు 135 దాకా చంపవలసి వచ్చిందని బ్లూక్రాస్‌వారు లెక్క చెప్పారు.

ఎందుకు తగ్గలేదంటారా? మన వంటింటి లెక్కతోనే చెప్తాను. ఒక వీధిలో పారేసిన తిండి పది కుక్కలకు సరిపోతుందనుకోండి. అక్కడ పది కుక్కలే ఉంటాయి. పదకొండోదాన్ని ఈ పదీ కలిసి తరిమేస్తాయి. మునిసిపాలిటీవారు వచ్చి ఆరింటిని పట్టుకుపోయారు. తిండి అలాగే ఉంది, కాపలా పోయింది. పక్కవీధి కుక్కలు వస్తాయి. మిగిలిన ఆడకుక్క పెట్టిన అయిదారు పిల్లల్లో, మామూలుగా చచ్చిపోయేవి కూడా తిండి దండిగా దొరికి బతుకుతాయి. ఏడాది తిరిగేసరికి మళ్ళీ పదే. పైగా ఇవన్నీ కొత్తవి, టీకా లేనివి, మన మొహాలు ఎరగనివి.

దీనికి బ్లూక్రాస్‌వారు చెప్పిన విరుగుడు, కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు. విన్నవాళ్ళు మొదట నవ్వారు. పట్టుకోవటం, ఆపరేషను చేయటం, రేబిస్ టీకా వేయటం, గుర్తుకు చెవి కొస కత్తిరించటం, తిరిగి ఏ వీధి కుక్కను ఆ వీధిలోనే వదలటం. ఆ కుక్క తన వీధిని కాస్తుంది, కొత్తవాటిని రానివ్వదు, పిల్లల్ని పెట్టదు, రోగం మోయదు. ముప్ఫై ఏళ్ళు చెప్పగా చెప్పగా 1996లో మద్రాసు కార్పొరేషను ఊరంతటికీ ఈ పద్ధతికి ఒప్పుకుంది. ఈలోగా ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు కూడా 1992లో ఒక మాట తేల్చారు. కుక్కల్ని తొలగించటం వల్ల వాటి సంఖ్య గాని, రేబిస్ వ్యాప్తి గాని చెప్పుకోదగ్గంతగా తగ్గినట్టు ఎక్కడా దాఖలా లేదని.

జైపూరులో 1994లో మొదలుపెట్టిన పనికి మంచి లెక్కలున్నాయి. 2002 చివరికల్లా అక్కడ ఆ పేటల్లో ఆడకుక్కల్లో నూటికి 65 వంతులకు ఆపరేషనూ, టీకా అయ్యాయి. కుక్కల సంఖ్య నూటికి 28 వంతులు తగ్గింది. మనుషులకు రేబిస్ సోకటం ఆ ప్రాంతంలో పూర్తిగా ఆగింది. ఆ పని జరగని పేటల్లో మాత్రం పెరిగింది. ఇందులో కిటుకేమీ లేదు, పట్టుదల ఉంది.

చట్టం కూడా ఈ దారికే వచ్చింది. ఇక్కడ ఇంకొక స్త్రీ పేరు చెప్పుకోవాలి. కళాక్షేత్రం పెట్టిన రుక్మిణీదేవి అరండేల్ 1952లో రాజ్యసభ సభ్యురాలై, జంతుహింసకు వ్యతిరేకంగా స్వయంగా బిల్లు తెచ్చారు. ప్రభుత్వమే చట్టం చేస్తుందని నెహ్రూగారు మాట ఇస్తే ఆవిడ బిల్లు వెనక్కి తీసుకున్నారు. అలా వచ్చిందే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం. 1962లో జంతు సంక్షేమ బోర్డు ఏర్పడితే దానికి ఆవిడే మొదటి అధ్యక్షురాలు. ఆ చట్టం కింద 2001లో కుక్కల సంతాన నియంత్రణ నిబంధనలు వచ్చాయి, 2023లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. మన హైదరాబాదులో 1992లో అమల అక్కినేని గారు బ్లూక్రాస్ స్థాపించారు.

మరి ఇంత బాగా చెప్తున్నారు, మా వీధిలో కుక్కలు ఎందుకు తగ్గలేదని మీరు అడుగుతారు. అడగవలసిందే. 2019 పశుగణన ప్రకారం దేశంలో వీధికుక్కలు సుమారు ఒక కోటీ 53 లక్షలు. నూటికి డెబ్బయి కుక్కలకు టీకా పడితే గాని రోగం ఆగదు. సగం వీధుల్లో సగం కుక్కలకు చేసి ఊరుకుంటే, సగం కాల్చిన దోసెలాగే ఉంటుంది సంగతి. కాగితం మీద నిబంధన ఉంటుంది, ఆపరేషను చేసే డాక్టరుండడు. డాక్టరుంటే బండి ఉండదు.

ఇంకొక కారణం ఆకాశంలో ఉంది. పూర్వం ఊరి బయట గొడ్డు చచ్చిపోతే రాబందులు వాలి క్షణాల మీద శుభ్రం చేసేవి. 1990లలో రాబందులు ఒక్కసారిగా మాయమయ్యాయి. పశువుల నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ అనే మందు, ఆ కళేబరాలు తిన్న రాబందుల పాలిట విషమైంది. ఆ మాంసం కుక్కల పాలైంది. దానివల్ల కుక్కలు 55 లక్షలు పెరిగాయనీ, 1992 నుంచి 2006 దాకా 47 వేలకు పైగా మనుషులు అదనంగా రేబిస్‌తో పోయారనీ 2008లో పరిశోధకులు అంచనా కట్టారు. 2006లో ప్రభుత్వం పశువులకు ఆ మందు నిషేధించింది. ఒక గేదె కాలినొప్పికీ, ఎక్కడో ఒక పిల్లవాడి ప్రాణానికీ ఇంత ముడి ఉందని ఎవరనుకుంటారు?

పిల్లుల సంగతి మరిచిపోలేదు. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చాక ఎలుకల భయంతో పిల్లులకు గౌరవం పెరిగింది. బుకానన్ అనే ఇంగ్లీషు వైద్యాధికారి 1908లో పిల్లులే ప్లేగును ఆపుతాయని రాశాడు. పిల్లికి కూడా ప్లేగు సోకుతుందని తరవాత తెలిసింది. రేబిస్ కూడా అంతే, పిల్లికీ వస్తుంది. పిల్లి గీరితే ఏమవుతుందిలే అని చాలామంది ఊరుకుంటారు. ఊరుకోకూడదు. పిల్లి ఏడాది నిండకుండానే తల్లి అవుతుంది, ఏటా రెండు మూడుసార్లు పెడుతుంది. మీ ఇంట్లో పాలు తాగే పిల్లికి ఒక్కసారి ఆపరేషను చేయిస్తే, గోనెసంచిలో పిల్లల్ని మూటకట్టి దూరంగా వదిలి వచ్చే పాపం ఎవరికీ ఉండదు.

దీన్ని జయించినవాళ్ళు ఉన్నారు. జపాను 1950లో చట్టం చేసి, కుక్కలన్నిటికీ నమోదూ, టీకా తప్పనిసరి చేసి, ఏడేళ్ళలో, 1957కల్లా రేబిస్‌ను పారదోలింది. మెక్సికో ఏటేటా కుక్కలకు ఉచితంగా టీకాలు వేసి, కుక్కల ద్వారా మనుషులకు రేబిస్ రాని దేశంగా 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేత గుర్తింపు పొందింది. ఆ గుర్తింపు పొందిన మొదటి దేశం అదే. మన గోవాలో ఇల్లిల్లూ తిరిగి, వల పట్టి వీధికుక్కలకు టీకాలు వేశారు. పిల్లలకు బళ్ళల్లో పాఠం చెప్పారు. 2018 నుంచి వరసగా మూడేళ్ళు అక్కడ ఒక్కరూ ఆ రోగంతో చనిపోలేదు. భూటాను 2023లో తన వీధికుక్కలన్నిటికీ ఆపరేషన్లు పూర్తయ్యాయని ప్రకటించింది. డబ్బున్న దేశాలే చేయగలవనే మాట నిలవదు.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో ఒక నాలుగేళ్ళ బాబును వీధికుక్కలు చుట్టుముట్టి చంపేశాయి. ఆ దృశ్యం దేశమంతా చూసింది. ఆ తల్లి ముందు నిలబడి భూతదయ గురించి మాట్లాడటానికి నోరు రాదు, రాకూడదు కూడా. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కలన్నిటినీ ఆశ్రయాలకు తరలించమంది. ఆగస్టు 22న ఇంకొక ధర్మాసనం దాన్ని సవరించి, ఆపరేషనూ టీకా చేసి ఏ చోటివి ఆ చోటనే వదలండి, పిచ్చివాటినీ, కరిచే స్వభావం ఉన్నవాటినీ మాత్రం వదలకండి, తిండి పెట్టేందుకు స్థలాలు ఏర్పాటు చేయండి అంది. నవంబరు 7న బళ్ళూ, ఆసుపత్రులూ, బస్సుస్టాండ్లూ, రైల్వేస్టేషన్ల వంటి చోట్ల నుంచి కుక్కల్ని తీసుకుపోయి మళ్ళీ అక్కడ వదలవద్దని చెప్పింది. అంటే న్యాయస్థానం కూడా ఆ ఇద్దరు తల్లుల మాటా వినవలసి వచ్చిందన్నమాట.

ఇక మనం చేయగలిగింది ఏమిటి? మొదటిది, కరిచినా, గీరినా, గాయం ఉన్నచోట నాకినా సరే, కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి. కారం, సున్నం, పసరు, కాఫీపొడి ఏదీ పెట్టవద్దు. కట్టు కట్టవద్దు. ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి. హైదరాబాదులోనివారికి నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ తెలిసిందే. రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు గాయంలోనే వేసే ఇంకొక మందు ఉంటుంది, దాని గురించి డాక్టరును అడగండి. చెప్పిన రోజులన్నీ తప్పకుండా వెళ్ళండి. బాగానే ఉంది కదా అని మూడోదానితో మానేసిన ఇళ్ళు ఎన్నో.

రెండోది చెత్త. ఎంగిలి మెతుకులూ, మాంసం ఎముకలూ ప్లాస్టిక్ సంచీలో కట్టి వీధి మలుపులో విసిరితే, అక్కడ పది కుక్కలకు మనమే విస్తరి వేసినట్టు. ఆ తరవాత కుక్కలెక్కువయ్యాయని మునిసిపాలిటీని తిడతాం.

మూడోది అన్నం పెట్టేవారికి. పెట్టండి, పుణ్యమే. కాని మెట్ల దగ్గరా, పిల్లలు ఆడుకునే చోటా వద్దు. 2023 నిబంధనలు కూడా ఇదే చెప్తున్నాయి. ఒక మూల, ఒక వేళ, తిన్నాక శుభ్రం. పెట్టే చేతితోనే ఆ కుక్కను ఆపరేషనుకు అప్పగించే పూచీ కూడా తీసుకోండి. మీ చేతికి వచ్చే కుక్క మరెవ్వరి చేతికీ రాదు. ఏ కుక్క చెవి కొస కత్తిరించి ఉందో, దేనికి లేదో మనకు తెలిసినంతగా ఏ ఆఫీసుకూ తెలియదు. ఒక కాగితం మీద రాసి, నలుగురు ఆడవాళ్ళం సంతకాలు పెట్టి మునిసిపల్ ఆఫీసులో ఇస్తే అది తేలిగ్గా పక్కకు పోదు.

నాలుగోది పిల్లలకు. కుక్కను చూసి పరిగెత్తవద్దని, కదలకుండా నిలబడమని, పిల్లల్ని పెట్టిన కుక్క దగ్గరికి అసలే పోవద్దని చెప్పండి. మొరిగే కుక్క కరవదు అనే సామెతను మాత్రం నేర్పకండి.

సరమ అడిగిన ప్రశ్నకు జనమేజయుడు జవాబు చెప్పలేకపోయాడు. మన వీధిలో తల్లి అడిగే ప్రశ్నకు కర్రా, విషమూ రెండు వందల ఏళ్ళుగా జవాబు చెప్పలేకపోయాయి. సబ్బూ, టీకా, చెత్తబుట్టా, ఆపరేషనూ చెప్పగలుగుతున్నాయి. మేడమీద ఆవిడా, కింద వాటాలో ఆవిడా రేపు ఒక్కసారి కూర్చుని కాఫీ తాగితే, ఇద్దరూ అడిగేది ఒకటేనని తెలుస్తుంది. ఇద్దరి పిల్లలూ క్షేమంగా వీధిలో ఆడుకోవాలి, అంతేగా!